అడ్రసు తప్పిన ఉత్తరం, తెలియకుండా జరిగిన పెళ్లి: మూకీ కామెడీలో మనిషి తారుమారు ఎలా పండుతుంది

పోలిష్ తప్ప మరో భాష రాని న్యాయాధికారి ఒకాయన. పెళ్లి జరిపించమని ఒక పోలిష్ జంట ముందే ఫోన్ చేసింది. వాళ్ల కోసమే చూస్తున్నాడు. ఇంతలో భారీగా ఉన్న ఐరిష్ ఆవిడ ఒకర్తె, బక్కపలచని కుర్రాణ్ణి ఈడ్చుకుంటూ లోపలికొస్తుంది. ఆవిడ వచ్చింది ఫిర్యాదుకి: కిటికీ అద్దం వీడే పగలగొట్టాడని. కుర్రాడు వచ్చింది తాను పగలగొట్టలేదని చెప్పుకోవడానికి. న్యాయాధికారికి కనిపించింది మాత్రం ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. తంతు మొదలుపెట్టాడు, ముగించాడు. వచ్చినవాళ్లిద్దరికీ ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు, ఆయనకి వాళ్లదీ అర్థం కాలేదు. బయటికొచ్చేసరికి ఇద్దరూ మొగుడూ పెళ్లాలు.

1922లో వచ్చిన ‘మై వైఫ్స్ రిలేషన్స్’ అనే రెండు రీళ్ల మూకీ కామెడీకి ఇదీ ప్రారంభం. అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్, ఎడ్డీ క్లైన్ కలిసి తీశారు. ఆ బక్కపలచని కుర్రాడు కీటనే. కెమెరా ఎల్గిన్ లెస్లీ. ఐరిష్ ఆవిడగా వేసిన కేట్ ప్రైస్ ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టిన మనిషే. కథలో ఆవిడ అన్నదమ్ముల్లో ఒకడిగా వేసిన జో రాబర్ట్స్ కీటన్ చిన్న సినిమాల్లో పదేపదే కనిపించే కొండంత మనిషి. కీటన్ సినిమాల పట్టికల్లో దీనికి పెద్దపీట వేసినవాళ్లు తక్కువ. కానీ ఒకరిని మరొకరుగా పొరబడటం అనే పాత ఎత్తుని మాటలు లేని తెరమీద ఎలా కట్టాలో నేర్చుకోదలిస్తే ఇంత శుభ్రమైన నమూనా అరుదు. కారణం ఒక్కటే. ఇందులో ఎవరూ ఎవరి పోలికలోనూ లేరు. కవలలు లేరు, మారువేషాలు లేవు. మనిషి మొదటినుంచి చివరిదాకా అదే మనిషి. ఇంటివాళ్ల చేతిలోకి వచ్చే కాగితం మారుతుంది, దాంతో ఆ మనిషి వాళ్ల కళ్లకి మారిపోతాడు.

ఇదే కథ మాటల సినిమాగా తీస్తే ఏమయ్యేదో ఒకసారి ఊహించాలి. న్యాయాధికారి పోలిష్‌లో మాట్లాడాలి, ఆవిడ ఐరిష్ యాసలో అరవాలి, చూసేవాళ్లకి మొదటి భాష అర్థం కాకపోవచ్చు, రెండోది సగం అర్థం కావచ్చు. ఆ గందరగోళం మన నెత్తిన కూడా పడుతుంది. మూకీలో ఆ బాధ లేదు. అక్కడ ఏ భాషా వినపడదు. పెదవులు కదులుతాయి, చేతులు కదులుతాయి, ఎవరికి ఏ భాష వచ్చో టైటిల్ కార్డు, అంటే షాట్ల మధ్య తెరమీద పడే రాత, చెప్పేస్తుంది. అంటే తెరమీద ఉన్న ముగ్గురికీ తెలియనిది చూసేవాళ్లకి మాత్రమే తెలుసు. ఈ తారుమారు కథలన్నిటికీ ఇరుసు ఇదే: చూసేవాడికి ముందు తెలియాలి, పాత్రకి తర్వాత తెలియాలి. ఈ వరుస తిరగబడితే నవ్వు రాదు, ఆశ్చర్యం వస్తుంది. ఆశ్చర్యం ఒక్క క్షణంలో అయిపోతుంది. ముందే తెలిసిన విషయమైతే పది నిమిషాలపాటు నవ్విస్తూనే ఉంటుంది.

సినిమా మొదలవడమే ఒక టైటిల్ కార్డుతో మొదలవుతుంది. పెద్ద నగరంలో రకరకాల భాషలవాళ్లు ఉండే పేట ఇదనీ, ఇక్కడ ఒకళ్ల మాట ఒకళ్లకి బొత్తిగా అర్థం కాదనీ దాని సారాంశం. చదవడానికి అదొక చమత్కారంలా ఉంటుంది కానీ నిజానికి అది పని చేసే కార్డు. న్యాయాధికారి గదిలో జరగబోయేదానికి ముందస్తు అనుమతి అక్కడే తీసేసుకున్నారు.

ఆ పేటలో మన కుర్రాడు చేసే పని పాకం లాగడం. అమెరికాలో టాఫీ అనే ఆ మిఠాయికి, తిరునాళ్లలో అమ్మే మన జీళ్లకి పద్ధతి ఒకటే: ముదురుపాకం వేడిగా ఉండగానే మేకుకి తగిలించి లాగడం, మడవడం, మళ్లీ లాగడం. లాగినకొద్దీ పాకంలోకి గాలి చేరి రంగు తేలుతుంది, గుల్లబారుతుంది. ఈ పని ఎంచుకోవడంలో ఒక తెలివుంది. రెండు చేతులూ ఆడుతూనే ఉండాలి, మనిషి వెనక్కీ ముందుకీ కదులుతూనే ఉండాలి, వెనకెవరు వస్తున్నారో చూసుకునే వీలుండదు. ఉత్తరాలు పంచేవాడితో గొడవ ముదరడానికి ఇంతకంటే మంచి పని దొరకదు. ఆ గొడవలోనే అద్దం పగులుతుంది, ఆ గొడవలోనే వేరే ఎవరికో రావలసిన ఉత్తరం ఇతని దగ్గర చిక్కుకుపోతుంది. అద్దం కథని ఇప్పుడు నడిపిస్తుంది. ఉత్తరం పది నిమిషాల తర్వాత నడిపిస్తుంది. ఒకే తోపులాటలో రెండు విత్తనాలూ నాటేశారు. రెండోదాన్ని అప్పటికి చూసి మరిచిపోతామని సినిమా తీసినవాళ్లకి తెలుసు.

కేలండర్

ఇక అత్తారిల్లు. మామగారు, నలుగురు బావమరుదులు. ఒక్కొక్కడు తలుపంత మనిషి. కొత్త అల్లుడంటే మర్యాద లేదు, సరికదా భోజనాల బల్ల దగ్గర అతనికి ముద్ద దక్కడమే కష్టం. వడ్డించిన మాంసం అతని దాకా రాకముందే అయిపోతుంది. చేతులు పొడుగ్గా ఉన్నవాడిదే భోజనం.

అప్పుడతను గోడకున్న కేలండర్ దగ్గరికి పోయి తేదీ కాగితం మార్చేస్తాడు. ఇప్పుడు అది శుక్రవారం చూపిస్తోంది.

ఇంటివాళ్లు ఐరిష్ కేథలిక్కులు. ఆ రోజుల్లో కేథలిక్కులకి ప్రతి శుక్రవారం మాంసం నిషిద్ధం. చేపలకి అభ్యంతరం లేదు. వారం వారం పాటించాల్సిన ఈ నియమాన్ని అమెరికాలో 1966లో గానీ సడలించలేదు. కేలండర్ చూడగానే నోటిదాకా వెళ్లిన ముక్కలు ఆగిపోతాయి. అందరూ వదిలేసిన మాంసం ముందు అల్లుడొక్కడు స్థిమితంగా కూర్చుంటాడు. మన ఇళ్లలో ఏడుకొండలవాడి పేరున శనివారం నీచు ముట్టనివాళ్లకి ఈ దృశ్యం వివరించనక్కర్లేదు. కోడికూర ముద్ద కలుపుకున్నాక ‘ఇవాళ శనివారం కదర్రా’ అని ఎవరో అంటే ఆ చెయ్యి ఎలా ఆగుతుందో సరిగ్గా అలాగే ఆగుతుంది.

ఈ ఒక్క దృశ్యాన్ని విడదీసి చూస్తే మూకీ కామెడీ కట్టుబడి అంతా కనిపిస్తుంది. మొదట అవసరం: ఆకలి. దాన్ని ఏ కార్డూ లేకుండా పళ్లాలతోనే చూపించారు. తర్వాత వస్తువు: కేలండర్. గోడ మీద అది కథకోసం పెట్టినట్టు కాక, ప్రతి ఇంట్లో ఉండేదే అన్నట్టుంది. తర్వాత చర్య: కాగితం మార్చడం, మనకి మాత్రమే కనపడేట్టు. ఆ తర్వాత ఆలస్యం. ఇంటివాళ్లు వెంటనే చూడరు. ఆ కొద్ది సెకన్లే దృశ్యానికి ప్రాణం. మనం వాళ్ల చూపు ఎప్పుడు గోడ మీద పడుతుందా అని కాచుకుని ఉంటాం. చివరికి ఫలితం. మనిషి తారుమారు కాలేదు, ఈసారి రోజు తారుమారైంది. సూత్రం మాత్రం పెళ్లిలో వాడిందే. ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడలేదు, కాగితం ఆడింది.

ఇక్కడ తప్పు జరగడానికి ఎన్ని దారులున్నాయో కూడా చూడాలి. కేలండర్ మీది అక్షరాలు లాంగ్ షాట్‌లో చదవలేనంత చిన్నవైతే దృశ్యం చచ్చిపోతుంది. అందుకే అటువంటి చోట దగ్గరగా తీసిన ఇన్సర్ట్ వేస్తారు. ఇన్సర్ట్ మరీ పొట్టిగా ఉంటే జనం చదవలేరు, మరీ పొడుగ్గా ఉంటే కొట్టుకొచ్చిన నవ్వు చల్లారిపోతుంది. లెక్కలో చెప్పాలంటే, 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 16 ఫ్రేముల వేగంతో ఆడిస్తే అడుగు ఫిల్ముకి సరిగ్గా ఒక సెకను. మామూలు పాఠకుడు మాటకొక సెకను తీసుకుంటాడనుకుంటే పదిమాటల కార్డుకి పది అడుగులు. 900 అడుగుల రీలులో అలాంటివి ఇరవై వేస్తే 200 అడుగులు, అంటే ఐదోవంతుకి పైగా అక్షరాలకే పోయినట్టు. కార్డులంటే కీటన్‌కి అంత చిరాకు ఎందుకో ఈ లెక్కతో అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఒక పెద్ద సినిమాకి సగటున 240 కార్డులు పడేవనీ, తాను ఏ సినిమాలోనూ 56 దాటలేదనీ ఆయన తర్వాత చెప్పుకున్నాడు. కేలండర్ మీద ఒక్క మాట వంద మాటల కార్డు చేసే పని చేస్తుంటే కార్డెందుకు?

ఉత్తరం చేతికొచ్చాక

రెండో సగంలో ఇంటివాళ్లకి అల్లుడి కోటులో ఆ ఉత్తరం దొరుకుతుంది. పెద్ద ఆస్తి కలిసొచ్చిందని అందులో ఉంది. ఎవరికొచ్చిందో ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు. అల్లుడి జేబులో ఉంది కాబట్టి అల్లుడిదే. ఆ క్షణంనుంచి ముద్ద పెట్టనివాళ్లు కుర్చీ జరుపుతారు. ఆ డబ్బు చూసుకుని, ఇంకా చేతికి రాకముందే, ఖరీదైన ఇంటికి మకాం మార్చి గొప్పవాళ్లలా విందులు ఇస్తారు.

ఇదివరకు కిటికీ పగలగొట్టిన దొంగగా, పెళ్లికొడుకుగా, పనికిమాలిన అల్లుడిగా పొరబడ్డ మనిషి ఇప్పుడు వారసుడిగా పొరబడ్డాడు. నాలుగుసార్లూ అతను చేసిందేమీ లేదు. కీటన్ ముఖం నవ్వదని అందరూ చెప్పే మాటే. ఆ ముఖం ఈ కథలో ఎందుకంత బాగా కుదిరిందో చెప్పేవాళ్లు తక్కువ. తారుమారు కథలో అసలు మనిషి అతిగా నటిస్తే చుట్టుపక్కలవాళ్ల పొరపాటు పలచబడుతుంది. ఏ భావమూ బయటపెట్టని ముఖమైతే ఎదుటివాడు దానిమీద ఏం కావాలంటే అది రాసుకోవచ్చు. అత్తారింటివాళ్లు మొదట పనికిమాలినతనం రాసుకున్నారు, తర్వాత లక్షాధికారితనం రాసుకున్నారు.

కీటన్ 1921 మే నెలాఖరులో నటాలీ టాల్మడ్జ్‌ని పెళ్లాడాడు. అక్కచెల్లెళ్లు సినిమా తారలు, తల్లి చేతిలో ఇంటి పెత్తనం. ఆ అత్తారింటిమీద విసురే ఈ సినిమా అని చాలామంది చదివారు. అయి ఉండొచ్చు. కానీ ఆ సంగతి ఏమాత్రం తెలియనివాళ్లు కూడా కేలండర్ దగ్గర నవ్వుతారు కాబట్టి దానికి అంత బరువు ఇవ్వనక్కర్లేదు.

అదే కాలంలో అదే ఎత్తుని పూర్తిగా వేరే దారిలో నడిపించింది చాప్లిన్. 1921 సెప్టెంబరులో వచ్చిన ‘ది ఐడిల్ క్లాస్’లో ఆయనవి రెండు పాత్రలు: తాగుబోతు ధనవంతుడైన భర్త, దేశదిమ్మరి. భార్యగా ఎడ్నా పర్వియన్స్, మామగారుగా మాక్ స్వేన్. ఇక్కడ పోలికే కథ. మారువేషాల విందులో దేశదిమ్మరి అడుగుపెడితే అతని చిరుగుల బట్టల్ని వేషం అనుకుంటారు, భార్య అతన్ని భర్త అనుకుని క్షమించేస్తుంది. అసలు భర్త ఎక్కడున్నాడు? పాతకాలపు ఇనుప కవచంలో. ముఖం మీది మూత బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు.

ఆ బిగుసుకున్న మూత ఎంత పని చేసిందో గమనించాలి. కథలో అది భర్త గొంతు నొక్కింది: నేనే భర్తనని చెప్పుకోలేడు. తెరవెనక అది కెమెరా బాధ తీర్చింది. ఒకే నటుడు ఒకే షాట్‌లో ఇద్దరుగా కనపడాలంటే డబుల్ ఎక్స్‌పోజర్ చెయ్యాలి, అంటే ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయాలి. కవచం లోపల ఎవరున్నా ఒకటే కాబట్టి ఆ అవస్థ లేకుండా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి కొట్టించొచ్చు. చివర్లో ఆ మూత తెరవడానికి దేశదిమ్మరి డబ్బాలు తెరిచే పరికరం వాడతాడు. కథకీ, కెమెరాకీ, నవ్వుకీ ఒకే వస్తువుతో పని జరిపించుకోవడం ఇది.

అదే సినిమాలో ఇంకొక చోట పొరబడేది పాత్రలు కాదు, మనం. తాగుడు మానేదాకా నీతో ఉండనని భార్య చీటీ రాస్తుంది. భర్త చదివి, ఆమె ఫోటో చూసి, మనకి వీపు చేసి నిలబడతాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటాయి. ఏడుస్తున్నాడనుకుంటాం. తిరిగి చూస్తే చేతిలో కాక్‌టెయిల్ కలిపే డబ్బా. పైన చెప్పిన వరుసని చాప్లిన్ ఇక్కడ కావాలనే తిరగేశాడు, మనకి చివర్లో తెలిసేట్టు చేశాడు. అందుకే ఇది పది నిమిషాలు సాగే దృశ్యం కాదు. ఒక్క దెబ్బలో అయిపోవాల్సిందే, అలాగే అయిపోతుంది.

ఒకే నటుణ్ణి ఒకే షాట్‌లో చాలామందిగా చూపించడం అప్పట్లో ఎలా జరిగేదో ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇవాళ కంప్యూటర్ మీద చేసే పనితో దీనికి పోలికే లేదు. ముందు కెమెరాని నేలకి కదలకుండా బిగించాలి. లెన్సు ముందు నల్లటి మాస్కు పెట్టి సగం మూసేస్తారు. నటుడు తెరిచిన సగంలో మాత్రమే నటిస్తాడు. కెమెరామన్ పిడి తిప్పుతూ చుట్లు లెక్కపెడతాడు. మామూలుగా ఒక చుట్టుకి 8 ఫ్రేములు, సెకనుకి రెండు చుట్లయితే 16 ఫ్రేములు. తర్వాత లెన్సు పూర్తిగా మూసి, అన్నే చుట్లు వెనక్కి తిప్పి, మాస్కుని రెండో వైపుకి మార్చి, నటుడు బట్టలు మార్చుకొచ్చాక అదే నెగెటివ్ మీద మళ్లీ తీస్తారు. మాస్కు అంచు వెంట్రుకంత జరిగినా నడుమ తెల్లచార గానీ నల్లచార గానీ పడుతుంది. పిడి వేగం రెండోసారి తగ్గితే ఆ సగంలో మనిషి గబగబ నడుస్తాడు. నటుడి చెయ్యి గీత దాటితే మాయమైపోతుంది. ఏ ఒక్కటి తప్పినా మొదటి సగం కూడా పారేయాల్సిందే, ఎందుకంటే రెండూ ఒకే ముక్క మీద ఉన్నాయి.

దీన్ని కీటన్, లెస్లీ కలిసి 1921లో ‘ది ప్లేహౌస్’లో ఎంతదాకా తీసుకెళ్లారంటే, వేదిక మీద వరసగా తొమ్మిది మంది కీటన్‌లు కూర్చుంటారు. లెన్సు ముందు తొమ్మిది సన్న తలుపులున్న పెట్టె బిగించి, ఒక్కో తలుపే తెరుస్తూ, ఫిల్ముని ఎనిమిదిసార్లు వెనక్కి తిప్పి తీశారు. తొమ్మిది మంది ఒకే తాళంలో ఆడాలి కాబట్టి తాళం కొట్టే మెట్రోనోమ్ టిక్కుకి కట్టుబడి నటించాడు కీటన్. తొమ్మిదిసార్లూ ఒకే వేగంతో తిప్పింది లెస్లీ చెయ్యి. మోటారు కాదు, మనిషి చెయ్యి. ఇందులో అసలు కష్టం లెస్లీదేనని కీటన్ కూడా తర్వాత చెప్పాడంటే ఆశ్చర్యం లేదు.

ఆ సినిమాలోనే కవల అక్కచెల్లెళ్ల తికమక కూడా ఉంది. హీరో ఒకమ్మాయి అనుకుని ఇంకొకమ్మాయిని పెళ్లికి తీసుకెళతాడు. చివరికి అసలమ్మాయి దొరికాక, బోర్డులు రాసే పెయింటర్ దగ్గర కుంచె తీసుకుని ఆమె మెడ వెనక ఇంటూ గుర్తు వేస్తాడు. తారుమారు సినిమాలో దర్శకుడు ప్రేక్షకుడికోసం చేయాల్సిన పనిని పాత్రే తనకోసం చేసుకుంది.

గుర్తు అన్న మాట దగ్గర ఆగాలి. ఎవరు ఎవరో చూసేవాళ్లకి నిమిషనిమిషం తెలియాలంటే దూరం నుంచి కనపడే గుర్తు ఒకటి కావాలి: టోపీ, మీసం, నడక, పళ్లు. గొంతుతో పోల్చుకునే వీలు మూకీలో లేదు. మన ‘రాముడు భీముడు’లో, 1964లో, ఎన్.టి.రామారావు ఇద్దరన్నదమ్ముల్ని వేసినప్పుడు పిరికివాడి మాట తడబాటు, రెండోవాడి మాట దూకుడు సగం పని చేసిపెట్టాయి. కళ్లు మూసుకుని విన్నా ఎవరో తెలుస్తుంది. మూకీ నటుడికి ఆ సాయం లేదు. అంతకు చాలా ముందే, 1917లో ఫాల్కే ‘లంకా దహన్’లో అన్నా సాళుంకే అనే ఒకే నటుడు రాముడూ తానే సీతా తానే అయి కనిపించాడు, అక్కడ భేదం మొత్తం చీర, కిరీటం, నిలబడే తీరు మోశాయి.

గుర్తుని కథగా మార్చిన సినిమా 1926లో వచ్చింది: ‘మైటీ లైక్ ఎ మూస్’. హాల్ రోచ్ కంపెనీది, దర్శకుడు లియో మెకారీ, నటులు చార్లీ చేజ్, వివియన్ ఓక్లండ్. భర్తకి ఎత్తుపళ్లు, భార్యకి పెద్ద ముక్కు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఎదుటివాళ్లని ఆశ్చర్యపరుద్దామని, ఆపరేషన్ చేయించుకుంటారు. కొత్త ముఖాలతో బయట తారసపడి, మొగుడూ పెళ్లామని తెలియకుండానే ఒకరిమీద ఒకరు మనసుపడి, విందుకి పోదామని అనుకుంటారు. ఆ తర్వాత తయారవడానికి ఇద్దరూ పరిగెత్తేది ఒకే ఇంటికి. ఒకరికొకరు ఎదురుపడకుండా గదులు మారుతూ ముస్తాబయ్యే ఆ భాగంలో ఎన్ని తలుపులున్నాయో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందే మన బుర్రలో కూర్చునేట్టు తీశారు. ఇల్లు తెలియకపోతే దోబూచులాట తెలియదు.

నిజం ముందు తెలిసేది భర్తకి. అక్కణ్ణుంచి అతను పెట్టుడు ఎత్తుపళ్లతో భర్త, పళ్లు తీసేసి ప్రియుడు. భార్య పక్కగదిలో ఉండగా తనతో తానే కొట్లాడుకుంటాడు. ఇక్కడ డబుల్ ఎక్స్‌పోజర్ లేదు. ఒక ద్వారంలోంచి పళ్లతో వస్తాడు, ఇంకో ద్వారంలోంచి పళ్లు లేకుండా పోతాడు. భార్యకి ఒక్కసారికి ఒక్కడే కనపడతాడు. మనకి మాత్రం అతను పళ్లు పెట్టుకోవడం, తియ్యడం, ఆయాసపడటం అంతా కనపడుతుంది. ఆ కష్టమే నవ్వు. డబుల్ ఎక్స్‌పోజర్‌తో ఇద్దరు చేజ్‌లని చూపించి ఉంటే ఇంత నవ్వొచ్చేది కాదు. కెమెరా పడే శ్రమ ప్రేక్షకుడికి కనపడదు, నటుడు పడేది కనపడుతుంది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం జాతీయ చిత్రాల పట్టికలో దీన్ని 2007లో చేర్చారు. ఇంకా ముందే చేర్చాల్సింది.

ఈ అమెరికన్ మూకీలన్నీ అక్కడ కాపీరైటు కాలం దాటిపోయాయి కాబట్టి ఇంటర్నెట్‌లో ఒక్కోదానికి పది కాపీలు దొరుకుతాయి. ఏది చూడాలన్నది చిన్న విషయం కాదు. పాడైన కాపీలో మామూలు పరుగుపందెం కామెడీ బతుకుతుంది, తారుమారు కామెడీ బతకదు. మొదట నిడివి చూడాలి. రెండు రీళ్ల సినిమా దాదాపు 1,800 అడుగులనుకుంటే 28,800 ఫ్రేములు. సెకనుకి 24 చొప్పున ఆడితే 20 నిమిషాలు, 20 చొప్పున ఆడితే 24 నిమిషాలు. మీరు తెరిచిన కాపీ 15 నిమిషాల్లో అయిపోతుంటే ఏవో ముక్కలు పోయాయనో, వేగం మితిమీరిందనో అర్థం. వేగం తెలుసుకోవాలంటే కొట్లాటని చూడకూడదు, అది కావాలనే కాస్త గబగబ కనిపించేట్టు తీసి ఉంటారు. ఊరికే నడుస్తున్న మనిషిని, రోడ్డు పక్కన తమ పని తాము చేసుకుంటున్నవాళ్లని చూడాలి. వాళ్లు కూడా ఎలక్కి మల్లే పరిగెడుతుంటే కాపీ వేగం తప్పు. అలాంటి కాపీలో కేలండర్ దృశ్యంలోని ఆ ఆలస్యం సగానికి కుదించుకుపోతుంది.

తర్వాత ఇన్సర్టులు. ఉత్తరం, చీటీ, పత్రిక లాంటివి కనపడే చోట్ల, పరదేశాలకి పంపిన ప్రింట్లలో ఆ దేశ భాషలో కొత్తగా తీసి అతికించేవారు. తర్వాత ఎవరో దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మాటలు మారిపోతాయి, ఒక్కోసారి ఇన్సర్టే పోతుంది. ఉత్తరం వేరేవాళ్లదని మనకి తెలియకపోతే ఆ తర్వాత అత్తారింటి మర్యాదలన్నీ వెర్రిమొర్రిగా కనిపిస్తాయి. ఇళ్లలో చూసుకునే చిన్న ఫిల్ముల సంగతి ఇంకా కష్టం. పాతే కంపెనీ 1922లో తెచ్చిన 9.5 ఎంఎం ఫిల్ములో టైటిల్ కార్డుకి కొద్ది ఫ్రేములే వాడి, ఫిల్ము అంచున చిన్న గాటు పెట్టేవారు. ప్రొజెక్టర్ ఆ గాటు దగ్గర ఆగి కార్డుని కొన్ని సెకన్లు చూపించి మళ్లీ కదిలేది. ఫిల్ము ఆదా అయ్యేది. ఆ ప్రింటుని తర్వాత మామూలు యంత్రం మీద ఎక్కిస్తే గాటు పనిచేయదు, కార్డు రెప్పపాటులో ఎగిరిపోతుంది. ఒక కాపీలో కార్డులు చదవకముందే మాయమవుతుంటే ఇలాంటి కారణమేదో ఉంటుంది. వీడియోని అక్కడ ఆపి చదువుకోవడమే మార్గం.

మూకీ అంటే నిశ్శబ్దంగా చూడాలని కాదు. అప్పట్లో హాల్లో పియానో, పెద్ద ఊళ్లలో వాద్యబృందం తప్పకుండా ఉండేవి. మన దేశంలో కార్డులు రెండు మూడు భాషల్లో వేసినా, పైకి చదివి వినిపించేవాళ్లూ ఉండేవారు. చదువు రానివాళ్ల మధ్య తారుమారు కథ నడవాలంటే ఆ గొంతు లేనిదే కుదరదు. ఇవాళ్టి కాపీకి ఏదో ఒక రాగం తగిలించి వదిలేస్తే, సరిగ్గా ఆగాల్సిన చోట సంగీతం ఆగదు. అలాంటప్పుడు శబ్దం తీసేసి చూడటమే మేలు.

మళ్లీ అత్తారింటి విందుకి వద్దాం. వంటగదిలో బీరు పులుస్తోంది. అమెరికాలో 1920 జనవరి 17 నుంచి మద్యనిషేధం. నూటికి అర పాలు ఆల్కహాల్ ఉన్నా సరే, బీరు కాయడం, అమ్మడం నేరమే. అయినా మాల్ట్ పాకం, ఈస్టు తెచ్చుకుని ఇళ్లలో కాచుకోవడం అందరికీ తెలిసిన రహస్యం. ఈస్టు చక్కెరని తిని ఆల్కహాల్‌తోపాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మోతాదు మించి, గది వెచ్చగా ఉండి, పాత్రలో పైన ఖాళీ లేకపోతే నురుగు ఎటు పోవాలో తెలియక పొంగిపొర్లుతుంది. మన ఇళ్లలో ఎండాకాలం దోసెపిండి గిన్నె మూత ఎత్తేసినట్టే, కాకపోతే ఇక్కడ గది గదంతా. గొప్పింట్లో గొప్పవాళ్ల విందు జరుగుతుండగా పేదింటి అలవాటు వంటగదిలోంచి నురుగై బయటికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఉత్తరం అల్లుడిది కాదని బయటపడుతుంది.

ఆ తర్వాత మిగిలింది మామూలే: అయిదుగురు కొండలాంటి మగవాళ్లు, ఒక బక్క మనిషి, మెట్లు, తలుపులు. అతను తప్పించుకుంటాడు. చివరి షాట్‌లో రైలు వెనక పెట్టె, దానిమీద రీనో అన్న పేరు. నెవాడా రాష్ట్రంలోని ఆ ఊళ్లో అప్పట్లో 6 నెలలు కాపురముంటే చాలు, విడాకుల దరఖాస్తు తీసుకునేవారు; 1927లో దాన్ని 3 నెలలు చేశారు, 1931లో 6 వారాలకి దించారు. ఆనాటి ప్రేక్షకులకి ఆ ఊరి పేరొక్కటి చదివితే చాలు, అతను ఎందుకు వెళుతున్నాడో తెలిసిపోయేది. అర్థం కాని భాషలో జరిగిన పెళ్లిని రద్దు చేసుకోవడానికి అతను చేసిందల్లా, అందరికీ అర్థమయ్యే ఒక్క మాట రాసున్న రైలెక్కడం.